పందిపిల్ల పుస్తకం, మా నాయన కంచె

మంచి పుస్తకం చదివితే మనిషి మారతడంట. ఈ మాట ఎవరన్నా నా ముందర అంటే నాకు ఒళ్ళు మండుద్ది. మొన్న ఒక బడిల పిల్లల పుస్తకాల మీద నాలుగు ముక్కలు చెప్పమని నన్ను పిలిచిన్రు. నాకంటే ముందు మైకు పట్టుకున్నాయన కళ్ళు సగం మూసి, చేతులు తిప్పుకుంట, పిల్లల పుస్తకమంటే పెద్దోళ్ళకు అద్దం అన్నడు. జనం చప్పట్లు కొట్టిన్రు. అబ్బ, ఎన్ని చూసినం గీ అద్దాలు, అనుకున్న కుర్చీల కూసోని. అద్దం తెచ్చి ముందర పెడితే అందుల కూడా పక్కోడి మొహమే కనపడే మనుషుల నడుమ పెరిగినదాన్ని నేను. నా వంతు వచ్చినప్పుడు గొంతు బాగలేదని చెప్పి రెండు మాటలతోని దిగిపోయిన. ఆ రోజు చెప్పనిది ఇక్కడ చెప్తున్న.

మాది పినపాక దిక్కు, అడవంచు ఊరు. మా తాత కిందినుంచి, అంటే కోస్తా నుంచి వచ్చి ఇక్కడ చేను చేసుకున్నడు. మా నాయన నోట్ల కడదాకా ఆ కింది మాటే ఉండె, నాకు మాత్రం ఇక్కడి మాటే అబ్బింది. నేను చెప్పేది డెబ్భైల చివర సంగతి, నాకు పదేళ్ళు ఉంటయేమో. మా చేనుకు ఒక దిక్కు వాగు, ఒక దిక్కు రోడ్డు, ఇంకో దిక్కు మా పెదనాయన చేను. నాలుగో దిక్కు ఒక కోయ ఆమె చెలక, అంటే వాన మీద పండే మెట్ట చేను. మొగుడు లేడు, ఒక్కతే ఆడపిల్ల, ఆ పిల్లేమో దూరాన హాస్టల్ల ఉండి చదువుకుంటుండె. ఆమె మా నాయనను అన్నా అని పిలిచేది, మా నాయన ఆమెను చెల్లెమ్మా అనేటోడు. అట్ల నాకు అత్త అయింది. వరసలు మాత్రం మా ఇంట్ల ఏనాడూ తప్పలేదు.

అత్త చెలక అంచున, మా దిక్కే, ఒక పెద్ద ఇప్ప చెట్టు ఉండె. వాళ్ళల్ల ఇప్ప చెట్టంటే ఉత్త చెట్టు కాదు. ఏ చెట్టు ఏ ఇంటిదో ఊరంతటికీ తెలుసు, అత్త నుంచి కోడలికి, కొడుకు లేకుంటే బిడ్డకు వస్తది. ఎండలు మొదలైనంక తెల్లారేసరికి చెట్టు కింద పువ్వు పరుచుకొని ఉంటది. ఏరి, ఎండబెట్టి, వానకాలం గింజలు అయిపోయినప్పుడు వండుకుంటరు. ఆ తర్వాత కాయలొస్తయి, వాటి పలుకుల నుంచి నూనె తీస్తరు. అత్తకు ఆ ఒక్క చెట్టే. చెలకల జొన్న పండినా పండకున్నా చెట్టు మాత్రం ఆమెను పస్తులు పెట్టలే.

ఇగ మా కంచె సంగతి. అడవంచు చేనుకు కంచె లేకపోతే పంట ఇంటికి రాదు, పందులు దున్నిపోతయి. గుంజలు పాతి, నడుమ రేగు కంప, తుమ్మ కంప కుక్కి తీగతోని బిగిస్తరు. చెద పట్టి ఏడాది తిరిగేసరికి గుంజలు మెత్తబడతయి. అందుకని మిరప ఒక ఏరుడు అయినంక కంచె మొత్తం కొత్తగ వేస్తరు. ఇక్కడనే ఉన్నది మావోళ్ళ తెలివంతా. పాత గుంతల కొత్త గుంజ నిలవదు, మట్టి వదులైతది అనేటోళ్ళు. సరే, కొత్త గుంత తవ్వాలె. లోపలి దిక్కు తవ్వొచ్చు కదా అంటే, లోపల మిరప చెట్లు ఉన్నయి, వేర్లు తెగుతయి. కాబట్టి బయటి దిక్కే తవ్వుడు. ఒక ఏడు బెత్తెడు, ఒక ఏడు మూరెడు. అట్ల లోపలికొచ్చిన మట్టిల మళ్ళ మిరప నాటుడు. వచ్చే ఏడు మళ్ళ లోపల చెట్లుంటయి, మళ్ళ బయటికే తవ్వాలె.

చూడుండ్రి, ఇందుల ఎవరూ ఎవరి భూమీ లాక్కోలేదు. గుంజ నిలవక జరిగింది, అంతే! వాగు దిక్కు జరిగితే నీళ్ళు ముంచుతయి. రోడ్డు దిక్కు జరిగితే ఎవడో ఒకడు కాగితం పట్టుకొని వస్తడు. పెదనాయన దిక్కు జరిగితే తలకాయలు పగులుతయి. మరి అత్త దిక్కు జరిగితే? ఏం కాదు. ఆమె వచ్చి నిలబడి, ఏందన్నా గిట్ల అంటది. మజ్జిగ ఇచ్చి పంపిస్తరు. నాకు బుద్ధి తెలిసేనాటికి ఇప్ప చెట్టు కంచెకు ఎడంగ ఉండె. నాకు పదేళ్ళు వచ్చేసరికి దాని కొమ్మ మా కంచె మీద ఒంగి ఉండె.

గా ఏడే మా మేనమామ ఖమ్మం నుంచి వచ్చుకుంట నాకొక బొమ్మల పుస్తకం తెచ్చిండు. దాని పేరు చెప్పను. చెప్తే ఎవరో ఒకరు పది కొని పంచి, ఊరు బాగుపడ్డదని ఫోటో దిగుతరు. పల్చటి పుస్తకం, పేజీకి ఒక బొమ్మ, బొమ్మ కింద రెండు ముక్కలు. కథంతా ఒక పెద్ద అడవి పంది, దాని పిల్ల. పెద్ద పంది ఎక్కడ ముక్కు పెడితే అది తనదే అంటది. దుంపలు ఉన్న మడిల ముక్కు పెట్టి, ఇది మనది అంటది. దుప్పి పడుకునే గడ్డిల ముక్కు పెట్టి, ఇదీ మనదే అంటది. ముళ్ళపంది బొక్కల కూడా ముక్కు దూరుస్తది. అన్నీ పాపం లేచి జరుగుతుంటయి. పిల్ల వెనకనే నడుచుకుంట, ఇంకెంత దూరం నాన్నా అని ప్రతి పేజీల అడుగుతది. ముక్కు ఎంత దూరం పోతే అంత అంటది పెద్దది.

చివరికి అడవిల ఎవ్వరూ ఉండరు. పందిపిల్లకు ఆడుకోను ఒక్క జతగాడు లేడు. ఆఖరి పేజీల ఆ పిల్ల పోయి, తండ్రి పడుకునే చోట తన చిన్న ముక్కు పెట్టి, ఇది నాది, జరుగు, అంటది. బొమ్మల పెద్ద పంది నోరు తెరిచి చూస్తుంటది, ఒక కాలు వెనక్కి పెట్టి ఉంటది. ఆ బొమ్మ కింద మాటలేమీ లేవు. నాకు ఆ పుస్తకమంటే ప్రాణం. పక్కల పెట్టుకొని పడుకునేదాన్ని.

అప్పుడు మా వాకిట్ల మిరపకాయలు ఏరుతున్నరు. తాలు కాయ, అంటే తెల్లబడ్డ కాయ, పక్కకు తీసేది. పొద్దంతా అదే పని, చేతులు మంట, ముక్కుల ఘాటు, ఒకటే దగ్గు. ఒక మధ్యాహ్నం నేను అరుగు మీద కూసోని పుస్తకం పైకి చదువుతుంటే మా నాయన విన్నడు. ఆఖరి పేజీ కాడికొచ్చేసరికి పొట్ట పట్టుకొని నవ్విండు. "మళ్ళీ చదవవే" అన్నడు. మళ్ళ చదివిన. మా పెదనాయనను పిలిపించిండు. ఆయనకూ చదివిన. ఇంటికి ఎవరొచ్చినా ఇగ అదే పని. మిరప కొనుక్కునే షావుకారు వచ్చినా చదవాలె, సత్తుపల్లి చుట్టాలు వచ్చినా చదవాలె.

అందరికీ నచ్చింది. అదే నాకు అసయ్యం. ఒక్కరన్నా మొహం మాడ్చుకొని లేచిపోతే నేను వాళ్ళకు ఇప్పటికీ దండం పెడుదును. మా పెదనాయన తొడ చరిచి, ఇది అచ్చం పై ఊరి ఆసామే అన్నడు. షావుకారు, మా బావమరిదిని చూసి రాసినట్టున్నరమ్మా అన్నడు. మా అమ్మ వంటింట్ల నుంచి వచ్చి నా చెవిల, మీ పెదనాయనకు ఈ కథ ఇంకో పదిసార్లు చదువు, అన్నది. మా నాయన అయితే, ఫారెస్టోళ్ళు అంటే ఇంతే, ఎక్కడ కాలు పెడితే అది వాళ్ళదే, అని తీర్పు చెప్పిండు. అంత పెద్ద పంది బొమ్మ, కోరలతోని సహా కళ్ళ ముందర ఉంటే, ఒక్కడికన్నా చీమ కుట్టినట్టు కూడా లేదు! థూ!

కంచె వేసే రోజులు దగ్గర పడ్డయి. వాకిలి పక్కన కొత్త గుంజలు తెచ్చి వేసిన్రు. ఆ గుంజలు చూసే కావచ్చు, ఒకనాడు పొద్దున అత్త వచ్చింది. ఎప్పుడూ కంచె వేసినంక వచ్చేది, ఈసారి ముందుగాలనే వచ్చింది. అరుగు ఎక్కలే, కింద నిలబడి, "అన్నా, ఈసారి చెట్టు కాడికి రాకుండ్రి" అన్నది. "ఇప్పటిదాంక పోయిన మట్టి పోయింది, నేనేం అంటలేను. చెట్టు మాత్రం మా అత్తది. నా బిడ్డకు అదే ఉన్నది. పువ్వు రాలే కాలం వస్తాంది అన్నా."

ఆమె అంత మాట్లాడంగ నేనెప్పుడూ వినలే. మా నాయన ఎంత మెత్తగ నవ్విండో! "అదేంటి చెల్లెమ్మా, నీదీ నాదీ అని ఉందా మన మధ్య? ముందు కూర్చో. చద్దన్నం తిన్నావా? అమ్మాయ్, ఆ పంది పుస్తకం తీసుకురా. మీ అత్త వినలేదుగా."

ఆమె అడిగింది చెట్టు, ఈయన పెట్టింది కథ. అప్పుడు నాకు గంత తెలివి ఎక్కడిది, సంబరంగ ఉరికి పుస్తకం తెచ్చిన. అత్త నేల మీద కూసున్నది. మిరపకాయలు ఏరేటోళ్ళు కూడా చేతులు ఆపిన్రు. నేను ఒక్కో బొమ్మ ఆమె దిక్కు తిప్పి చూపించుకుంట చదివిన. మొదటి రెండు పేజీలకు నవ్వింది. దుప్పి లేచి జరిగిన కాడ నవ్వు ఆగిపోయింది. ముళ్ళపంది తన పిల్లను తీసుకొని వాగు దాటే బొమ్మను వేలితోని తాకి చూసింది. ఆఖరి పేజీ వచ్చింది, అందరూ గొల్లుమన్నరు. ఆమె నవ్వలే.

"బిడ్డా, ఆ పెద్ద పంది జరిగిందా?" అని నన్ను అడిగింది.

"బొమ్మల అయితే జరుగుతాంది అత్తా" అన్న.

ఆమె మా నాయన దిక్కు తిరిగింది. "అన్నా, మరి నువ్వు?"

నేను మా నాయన మొహం చూసిన. ఇగ అయిపోయింది, ఇప్పుడన్నా అర్థమైతది, సిగ్గుపడతడు, తల దించుకుంటడు, చెట్టు జోలికి పోను అంటడు అనుకున్న. నిజంగనే అనుకున్న, పిచ్చి మొహందాన్ని. మా నాయన పగలబడి నవ్విండు. కళ్ళెంట నీళ్ళొచ్చినయి. "ఓరి నాయనో, చూశారా! చెల్లెమ్మ నన్ను పందిని చేసేసింది! ఎంత తెలివే నీకు!" అన్నడు. అందరూ నవ్విన్రు. నవ్వితే ఘాటు ఎక్కి దగ్గిన్రు, దగ్గుకుంట మళ్ళ నవ్విన్రు. మా అమ్మ మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది.

గంతటితోని ఆగితే ఆయన మా నాయన ఎందుకైతడు? నా చేతుల్లనుంచి పుస్తకం తీసుకొని అత్త చేతిల పెట్టిండు. "మీ అమ్మాయికి ఇవ్వు. సెలవులకు వచ్చినప్పుడు చదువుకుంటుంది. మంచి పుస్తకం, పిల్లలకు మంచీ చెడూ తెలుస్తాయి." నా ప్రాణం పోయినట్టయింది. నా పుస్తకం! నేను ఏడ్పు లంకించుకున్న. "ఛ, పంచుకోవాలమ్మా, మనవాళ్ళే కదా" అని నా తల నిమిరిండు. అత్త నన్ను చూసింది, పుస్తకం చూసింది, తిరిగి ఇయ్యబోయింది. మా నాయన ఊకోలే, బలవంతాన ఆమె చంకల పెట్టించి పంపిండు. చెట్టు గురించి అవ్ అనలే, కాదు అనలే. అడిగినదాన్ని మరిపించి పంపిన మనిషి ఆ పొద్దంతా ఏదో దానం చేసినోని లెక్క తిరిగిండు.

ఆ వారమే కంచె వేసిన్రు. బడి నుంచి వచ్చి చూద్దును కదా, ఇప్ప చెట్టు మా లోపల ఉన్నది. బెత్తెడూ కాదు, మూరెడూ కాదు, చెట్టును చుట్టుకొని అవతలికి పోయింది కంచె. గుంజలు నిలవలే అని చెప్పనే లేదు ఈసారి. నాకు కోపం ఎక్కడినుంచి వచ్చిందో, పుస్తకం పోయిన కోపమా, చెట్టు కోపమా, రెండూ కలిసినయా, పలక సంచి అక్కడనే పడేసి పోయి మా నాయన ముందర నిలబడ్డ. పనోళ్ళు అందరూ ఉన్నరు. "నువ్వే ఆ పందివి!" అని అరిచిన. "అత్త మంచిగ అడిగింది. నువ్వు పందివి!"

ఒక్క దెబ్బ కొట్టినా నాకు ఆయన మీద కొంచెం గౌరవం మిగిలేది. నన్ను ఎత్తుకున్నడు. ముద్దు పెట్టుకున్నడు. పనోళ్ళకు చూపించి, "చూశారా, మా అమ్మాయి నోరు! లాయరవుతుంది ఇది!" అన్నడు. కిందికి దిగుతానని కాళ్ళు కొట్టుకున్న, దించలే. ఆ తర్వాత ఆ ముచ్చట మా ఇంట్ల పెండ్లిళ్ళల్ల, పేరంటాలల్ల చెప్పుకునే కథ అయింది. తొంభైలల్ల, నాకు పిల్లలు పుట్టినంక కూడా, మా నాయన వాళ్ళను ఒళ్ళె కూసోబెట్టుకొని, "మీ అమ్మ చిన్నప్పుడు నన్నేమందో తెలుసా" అని మొదలుపెట్టేటోడు. చుట్టాలు నా బుగ్గలు గిల్లేటోళ్ళు. నేను ఉమ్మేస్తే దాన్ని పన్నీరు చేసి చల్లుకున్నరు. ఇంతకంటే అసయ్యం నేనెక్కడా చూడలే.

మా అమ్మకు అంతా తెలుసు. వంటింట్ల అడిగితే, "చెట్టు ఇవతలుంటే ఏంది, అవతలుంటే ఏంది? పువ్వు ఆమెనే ఏరుకుంటది కదా, నోరు మూసుకొని అన్నం తిను" అన్నది.

పువ్వు రాలే కాలం వచ్చింది. అత్త బుట్ట పట్టుకొని కంచె కాడికి వచ్చింది. లోపలికి రాను దారి లేదు. మా నాయన పోయి ఒక కాడ కంప పక్కకు లాగి, "అడగాలా చెల్లెమ్మా, నీ ఇల్లనుకో" అన్నడు. అని, ఏరిన దాంట్ల సగం మా వాకిట్ల పోసి పొమ్మన్నడు. మా ఇంట్ల ఇప్పపువ్వు తినే అలవాటు ఎవరికీ లేదు. సగం ఎందుకు నాయనా అని నేను అడిగితే, ఊరికే వదిలేస్తే రేపు హక్కు అంటారు అన్నడు. రోజూ పొద్దున అత్త వచ్చేది. ఒంగి తన చెట్టు కింద తన పువ్వు ఏరి, సగం తెచ్చి మా వాకిట్ల పోసి పోయేది. ఆ పోసిన పువ్వును మా అమ్మ బర్రెలకు వేసేది.

ఒకనాడు మా నాయనకు మళ్ళ సరదా పుట్టింది. "అమ్మాయ్, పుస్తకం లేకపోతే ఏం, నీకు నోటికి వచ్చుగా, మీ అత్తకు ఆ పంది కథ చెప్పవే" అన్నడు. అత్త బుట్ట బోర్లించుకుంట, తల ఎత్తకుండనే అన్నది.

"వద్దు బిడ్డా. మీకైతే కథ. మాకు కథ కాదు."

"అబ్బ, ఎంత బాగా చెప్పింది!" అన్నడు మా నాయన.

మరుసటి ఏడు అత్త రాలే. కబురు పంపినా రాలే. సగం పువ్వు కూడా వద్దనుకున్నది. చెట్టుకేం తెలుసు, అది ఎప్పటి లెక్కనే రాల్చింది. ఏరేటోళ్ళు లేరు. పశువులు తిన్నకాడికి తిన్నయి, మిగిలింది కాళ్ళ కింద నలిగి, పులిసి, బురద బురద అయి ఈగలు ముసిరినయి. ఆ కంపు మా ఇంటి దాంక వచ్చేది. మా నాయన ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకొని తిరిగేటోడు. "ఏం కంపు ఇది, దరిద్రపు చెట్టు! దీంతో మనకేం పని?" అన్నడు. కూలోళ్ళను పిలిపించి కొట్టించిండు.

చెట్టు పడేటప్పుడు అత్త కంచె అవతల తన చెలకల నిలబడ్డది. నేను ఇవతల ఉన్న. ఆమె ఏడ్వలే, తిట్టలే, చూస్తాంది. మా నాయన ఆమెను చూసి చెయ్యి ఊపిండు.

"చెల్లెమ్మా, కట్టెలు కావాలంటే తీసుకుపో. మొహమాటపడకు."

ఆమె ఒక్క పుల్ల కూడా ముట్టలే. కొట్టించి, ఎండబెట్టి మేమే వాడుకున్నం. ఆ ఏడంతా మా ఇంట్ల అన్నం ఆ కట్టెల మీదనే ఉడికింది.